కాలనీలో కమ్యూనిటీ హాల్ కడతామంటే: అభ్యంతరాలు ఎలా చెప్పాలి, షరతులు ఎలా రాయించాలి

కాలనీలో ఖాళీగా ఉన్న స్థలంలో ఒక రోజు ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని కొలతలు తీసుకుంటారు, మరో వారానికి అక్కడ ముగ్గు పోసి ఉంటుంది, ఆ తరువాత కొద్ది రోజులకే శంకుస్థాపన ఫ్లెక్సీ వెలుస్తుంది. చాలా కాలనీల్లో నివాసులకు కమ్యూనిటీ హాల్ సంగతి తెలిసేది ఈ మూడో దశలోనే. శిలాఫలకం పడిన తరువాత వెనక్కి తగ్గడం ఏ ప్రజాప్రతినిధికైనా తలవంపుగా ఉంటుంది కాబట్టి, అప్పుడు మొదలుపెట్టిన వాదన న్యాయమైనదే అయినా నెగ్గడం కష్టం. కొలతలు తీసుకుంటున్న రోజునే మీరు చేయవలసిన పనులను ఈ వ్యాసం వరుసగా చెబుతుంది. హైదరాబాద్‌ను, తెలంగాణ పట్టణాలను దృష్టిలో పెట్టుకుని రాసినప్పటికీ, ఇందులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోని పురపాలక పట్టణాలకు కూడా వర్తిస్తుంది.

మొదట ఎవరికి అవసరమో ఆలోచించండి

హాలు వద్దనుకునేవారి మనసులో సాధారణంగా నాలుగు భయాలు ఉంటాయి: శబ్దం, బండ్ల రద్దీ, ఎంగిలి విస్తళ్ల చెత్త, పిల్లలు ఆడుకునే స్థలం పోవడం. ఈ నాలుగూ నిజమైనవే. అయితే ఐదో భయం కూడా ఒకటి ఉంటుంది, దానిని ఎవరూ పైకి చెప్పరు. పక్క బస్తీ వాళ్లు ఫంక్షన్ల పేరుతో మన వీధిలోకి వస్తారన్నదే ఆ భయం. దానిని వినతిపత్రంలో పరోక్షంగానైనా ఇరికించకండి. ప్రైవేటు ఫంక్షన్ హాలు అద్దె భరించలేని కుటుంబానికి శ్రీమంతమో, బారసాలో, పెద్దకర్మ భోజనాలో చేసుకోవడానికి నాలుగు గోడల చోటు కావాలి. రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లు రోడ్డుకు అడ్డంగా షామియానా వేసుకోవడానికి కారణం వేడుక మీద మోజు కాదు, చోటు లేకపోవడం. మంచి హాలు ఒకటి ఉంటే ఆ షామియానాలు తగ్గుతాయి కూడా.

అందువల్ల ‘హాలు వద్దు’ అన్న ఒక్క మాటతో మొదలుపెట్టే ముందు మీ అభ్యంతరాన్ని మూడు ప్రశ్నలుగా విడదీసి చూసుకోవడం మేలు. ఈ స్థలంలో హాలు కట్టడానికి చట్టం ఒప్పుకుంటుందా? ఇక్కడ జరగబోయే కార్యక్రమాలను ఈ వీధి మోయగలదా? హాలు తాళం ఎవరి దగ్గర ఉంటుంది? మొదటి ప్రశ్నకు ‘ఒప్పుకోదు’ అన్న జవాబు వస్తేనే నిర్మాణాన్ని ఆపమని అడగండి. రెండు, మూడు ప్రశ్నలకు షరతులు అడగాలి. చాలా కాలనీల్లో జనం తమ శక్తినంతా మొదటి ప్రశ్న మీదే ఖర్చు చేసి మూడో ప్రశ్నను మరచిపోతారు. ఆ తరువాత అవస్థ పడేది మాత్రం ఎక్కువగా మూడో ప్రశ్న వల్లనే.

స్థలం ఏమిటో తేల్చుకోండి

ఆమోదం పొందిన లేఔట్ నకలు సంపాదించడం మీ మొదటి పని. అది హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) లేదా పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ (డీటీసీపీ) లేదా పురపాలక సంస్థ దగ్గర ఉంటుంది. కాలనీలో తొలినాళ్లలో ప్లాటు కొన్న పెద్దవాళ్ల బీరువాల్లో కూడా తరచుగా దొరుకుతుంది. ఆ పటంలో మీ స్థలం మీద ఏ పదం రాసి ఉందో చూడండి. ‘పార్కు’ అనో ‘ఓపెన్ స్పేస్’ అనో ఉంటే మీ వాదనకు గట్టి పునాది ఉన్నట్టే. సామాజిక అవసరాల కోసమని విడిచిన స్థలమైతే హాలు కట్టడం దాని ఉద్దేశంలోనిదే కాబట్టి, నిర్మాణమే వద్దనే వాదన నిలవదు. ఆ స్థలాన్ని పురపాలక సంస్థకు అప్పగిస్తూ రిజిస్టర్ చేసిన గిఫ్ట్ డీడ్ ఉంటే, ఏ ప్రయోజనం కోసం ఇచ్చారో అందులో చదవండి.

పార్కు స్థలం విషయంలో తెలుసుకోదగిన తీర్పు ఒకటి ఉంది. బెంగళూరులోని రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే అక్కడి నివాసులు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని చెప్పడమే కాకుండా, దానిని ప్రశ్నించే హక్కు ఆ ప్రాంత నివాసులకు ఉందని కూడా స్పష్టం చేసింది. అయితే అక్కడ వచ్చింది ప్రైవేటు ఆసుపత్రి, మీ దగ్గర వస్తున్నది ప్రభుత్వ డబ్బుతో కట్టే ప్రజల హాలు. ఈ తేడాను అవతలి పక్షం తప్పక ఎత్తిచూపుతుంది కాబట్టి, తీర్పు ఉంది గనుక గెలుపు ఖాయమని ఎవరికీ హామీ ఇవ్వకండి.

స్థలం చెరువు పక్కనో నాలా పక్కనో ఉంటే ఇంకో సంగతి చూడాలి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం, అంటే జీవో 168 ప్రకారం, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు 9 మీటర్లు వదిలిపెట్టాలి. కట్టేది ప్రభుత్వమే అయినా ఆ ప్రశ్న అడగవచ్చు. చెట్లు కొట్టవలసి వస్తే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి తీసుకున్నారా అని కూడా కనుక్కోండి.

కాగితాలు తెప్పించుకోండి

సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తును సంఘం పేరుతో కాకుండా ఒక వ్యక్తి తన పేరుతో పెట్టాలి, ఎందుకంటే చట్టం ఆ హక్కును పౌరులకు ఇచ్చింది. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఎందుకు అడుగుతున్నారో మీరు చెప్పనక్కరలేదు. పొరపాటున వేరే కార్యాలయానికి పెట్టినా, వారు దానిని 5 రోజుల్లో సంబంధిత కార్యాలయానికి పంపాలి.

దరఖాస్తు విఫలమయ్యేది ఎక్కువగా ప్రశ్న అడిగే తీరు వల్లనే. ‘మా పార్కులో హాలు ఎందుకు కడుతున్నారు?’ అని రాస్తే, అది సమాచారం కిందికి రాదని ఒక్క ముక్కలో జవాబు పంపి చేతులు దులుపుకుంటారు. రికార్డులు అడగండి: ప్రతిపాదన మొదలైన ఫైలు నోట్, పరిపాలనా ఆమోదం ఉత్తర్వు నకలు, అంచనా విలువ పత్రం, హాలు నక్షా, టెండర్ ప్రకటన, ట్రాఫిక్ పోలీసుల అభిప్రాయం తీసుకుని ఉంటే దాని నకలు, నిర్మాణం తరువాత నిర్వహణ ఎవరికి అప్పగిస్తారో చెప్పే కాగితం. నకళ్లు అడిగే ముందు, ఫైలును స్వయంగా చూసుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉందని గుర్తుంచుకోండి. ఒక గంట కూర్చుని ఫైలు తిరగేస్తే ఏ పేజీలు కావాలో తెలుస్తుంది, అనవసరమైన పేజీల ఖర్చూ తప్పుతుంది.

జవాబు రాకపోయినా, అసంపూర్ణంగా వచ్చినా 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తరువాత 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయవచ్చు. ఇన్ని రోజులూ టెండర్ మీ కోసం ఆగదు కాబట్టి దరఖాస్తు పెట్టిన రోజునే, వివరాలు అందేవరకు పని మొదలుపెట్టవద్దని కోరుతూ కమిషనర్‌కు ఒక చిన్న లేఖ కూడా ఇచ్చి, దానికి ఇన్‌వర్డ్ నంబర్ (లేఖ అందినట్టు కార్యాలయం వేసే నమోదు సంఖ్య) వేయించుకోండి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదో కనుక్కోవడం కూడా ముఖ్యం. పురపాలక సంస్థ సొంత నిధులా, శాసనసభ్యుని నియోజకవర్గ అభివృద్ధి నిధులా, పార్లమెంటు సభ్యునికి ఏటా కేటాయించే 5 కోట్ల రూపాయల నుంచి వస్తున్నవా అన్నదానిని బట్టి, మీరు కలవవలసిన మనిషి మారిపోతారు.

ముహూర్తం ఉన్న రోజున చూడండి

కాగితాలు వచ్చేలోగా మీ దగ్గరలో ఇలాంటి హాలు ఎక్కడ ఉందో వెతికి, అక్కడికి వెళ్లి చూడండి. ఆషాఢంలోనో మూఢంలోనో వెళితే హాలు తాళం వేసి ఉంటుంది, వాచ్‌మన్ నిద్రపోతూ ఉంటాడు, మీకు అంతా ప్రశాంతంగా కనిపిస్తుంది. శ్రావణంలోనో మాఘంలోనో పంచాంగం చూసుకుని, బలమైన ముహూర్తం ఉన్న రోజున సాయంత్రం 6 గంటల నుంచి రాత్రి 11 వరకు అక్కడ నిలబడండి. కార్లు ఎన్ని, ద్విచక్ర వాహనాలు ఎన్ని, అవి ఏ ఇళ్ల గేట్ల ముందు ఆగాయి, నీళ్ల ట్యాంకర్ ఎక్కడ నిలిచింది, వంట పొయ్యిలు ఎవరి గోడకు ఆనించి పెట్టారు, జనరేటర్ పొగ ఏ కిటికీలోకి పోతున్నది అన్నవన్నీ రాసుకోండి. మరునాడు ఉదయం 7 గంటలకు మళ్లీ వెళ్లి విస్తళ్లు, మిగిలిన అన్నం ఎక్కడ పడేశారో ఫోటో తీయండి. ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి, కాబట్టి అవి కుప్పలో కనిపిస్తే దానిని వేరుగా రాసుకోండి. ఆ హాలు పక్కింటివాళ్లతో పది నిమిషాలు మాట్లాడితే, ఏ అధికారీ చెప్పలేని వివరాలు తెలుస్తాయి. డ్రైనేజీ ఎన్నిసార్లు పొంగిందో వారికి లెక్క ఉంటుంది, ఎందుకంటే వంటల నూనె, జిడ్డు ఇళ్ల కోసం వేసిన సన్నటి పైపులోకి పోతే అది మూసుకుపోతుంది.

మీ వీధికి తిరిగి వచ్చి రోడ్డు వెడల్పును టేపుతో కొలవండి. రెండు వైపులా కార్లు ఆగితే మధ్యలో అంబులెన్స్ పడుతుందా లేదా అన్నది అప్పుడు ఊహ కాదు, లెక్క అవుతుంది. ఫంక్షన్ హాళ్ల వంటి జనం గుమికూడే భవనాల స్థలం 500 చదరపు మీటర్లు గానీ, ఎత్తు 6 మీటర్లు గానీ దాటితే 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం కింద నిరభ్యంతర పత్రం కావాలి. ఫైరింజన్ రాలేని వీధిలో ఆ పత్రం ఎలా ఇస్తారని అడగడం సమంజసమైన ప్రశ్న.

శబ్దం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే అందరూ పొరబడతారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి పూట లౌడ్‌స్పీకర్లు, వాద్యాలు వాడకూడదు. కానీ అదే నియమంలో, తలుపులు మూసిన ఆవరణలో లోపలివారికి మాత్రమే వినిపించేలా వాడుకోవడానికి మినహాయింపు ఉంది, ఆ మినహాయింపు కింద పేర్కొన్న చోట్లలో కమ్యూనిటీ హాళ్లు కూడా ఉన్నాయి. రాత్రి 10 తరువాత ఎలాగూ బంద్ అవుతుందిలే అనుకుని సంతకం పెట్టినవారికి ఈ సంగతి తెల్లవారుజాము 3 గంటల ముహూర్తానికి డోలు, సన్నాయి మోగినప్పుడు తెలుస్తుంది. మన పెళ్లిళ్లలో అర్ధరాత్రి ముహూర్తాలు వింతేమీ కాదు కాబట్టి, మేళం లేకుండా తాళి కట్టమని అడగడం కుదిరే పని కాదు. అడగవలసింది ‘మూసిన ఆవరణ’ అన్న మాటకు అర్థం ఉండేలా కట్టమని: కిటికీలు ఇళ్ల వైపు కాకుండా రోడ్డు వైపు ఉండాలి, రెండు వరుసల అద్దాలు ఉండాలి, పైకప్పు రేకులది కాకుండా స్లాబ్ కావాలి, వేదిక ఇళ్లకు దూరంగా ఉన్న గోడ వైపు రావాలి. నక్షా దశలో వీటికి కొంచెం మాత్రమే ఖర్చవుతుంది. కట్టిన తరువాత ఎంత ఖర్చు పెట్టినా సగమే ఫలితం ఇస్తాయి.

లౌడ్‌స్పీకర్ వాడే బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంత పరిమితి కన్నా 10 డెసిబెల్స్ మించకూడదు, లేదా 75 దాటకూడదు, ఏది తక్కువైతే అది. అంటే మీ వీధిలో పగటి పూట 65. హాలు బయట రోడ్డు మీద సాగే బరాత్‌కు, డీజే బండికి పైన చెప్పిన మినహాయింపు వర్తించదు. రాత్రి 10 తరువాత మోత చేసే బాణసంచా కాల్చడం, నివాస ప్రాంతంలో హారన్ కొట్టడం, శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు నడపడం కూడా అవే నియమాలు నిషేధించాయి. చివరిది హాలు కట్టే నెలల్లోనే మీకు పనికి వస్తుంది.

సమావేశం, సంతకాలు

ఆదివారం ఉదయం అరగంట సమావేశం చాలు. హాలు గోడకు ఆనుకుని ఉండే ఇళ్లవారిని, కిరాయిదార్లను, పక్క బస్తీ పెద్దలను తప్పకుండా పిలవండి. బస్తీవారు రాకపోతే మరునాడు వారి చోటుకే వెళ్లండి. వారికి హాలు కావాలి, మీకు నిద్ర కావాలి. ఈ రెండింటికీ వైరం లేదని ఇద్దరూ కలిసి సంతకం పెడితే ఆ వినతికి వచ్చే బరువు వేరు. మా కాలనీలో మొదటిసారి సంతకాలు ఖాళీ కాగితాల మీద తీసుకుని, తరువాత పైన లేఖ జోడించారు. వారం తిరగకుండా ముగ్గురు ‘మేము హాలు వద్దనలేదు’ అని రాసిచ్చారు. అందుకే ప్రతి సంతకాల పేజీ పైభాగంలో లేఖ సారాంశం అచ్చు వేయించండి. సంఘం లేకపోతే ఏడుగురు కలిసి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోవచ్చు, అయితే దాని కోసం వినతిని ఆపకండి.

వినతిపత్రం రాయడం

రెండు పేజీలు మించకూడదు. ముందు స్థలం వివరం, తరువాత మీరు కొలిచిన సంఖ్యలు, ఆపైన షరతులు రాయండి. ఆవేదన, ఆక్రోశం వంటి మాటలు తీసివేయండి. మాదిరికి ఇలా ఉండవచ్చు:

‘గౌరవనీయులైన కమిషనర్ గారికి, మా కాలనీ లేఔట్‌లో పార్కుగా చూపిన స్థలంలో కమ్యూనిటీ హాల్ నిర్మాణానికి ప్రతిపాదన ఉన్నట్లు తెలిసింది. ఇరుగుపొరుగు కుటుంబాల అవసరాల కోసం హాలు ఉండటానికి మాకు అభ్యంతరం లేదు. అయితే ఈ స్థలం పార్కు కాబట్టి దీనికి బదులుగా సమీపంలోని ఇతర ప్రభుత్వ స్థలాన్ని పరిశీలించవలసిందిగా కోరుతున్నాము. ఇక్కడే నిర్మించాలని నిర్ణయించిన పక్షంలో ఈ కింది షరతులను పరిపాలనా ఆమోదం ఉత్తర్వులోను, టెండర్ పత్రంలోను, నిర్వహణ ఒప్పందంలోను చేర్చవలసిందిగా మనవి.’

ఆ తరువాతి షరతుల్లో అన్నిటికన్నా ముందు తాళం సంగతి రాయండి. హాలును లీజుకు ఇవ్వకుండా పురపాలక సంస్థే నడపాలని, బుకింగ్ రిజిస్టర్ ఎవరైనా చూసేలా ఉండాలని, అద్దె పట్టిక గోడ మీద రాయాలని, నిర్వహణ కమిటీలో కాలనీ నుంచి, బస్తీ నుంచి చెరొక మహిళ ఉండాలని అడగండి. లీజుకు వెళ్లిన హాలు రెండేళ్లలో ప్రైవేటు ఫంక్షన్ హాలుగా మారిపోవడం, ఎవరూ పట్టించుకోని హాలు ఏదో ఒక పార్టీ ఫ్లెక్సీల గోడౌన్‌గా మారడం మీరూ చూసే ఉంటారు. అతిథుల సంఖ్యకు గరిష్ఠ పరిమితి, శుభ్రత కోసం తిరిగి ఇచ్చే డిపాజిట్, వంటశాలకు జిడ్డు ఆపే తొట్టి, జనరేటర్‌కు మూసిన గది, బండ్లు ఆపడానికి చూపిన చోటు, బయట డీజేకు నిషేధం ఆ తరువాత వస్తాయి. పెళ్లిళ్లు లేని రోజుల్లో విద్యార్థులు చదువుకోవడానికి, టీకాల శిబిరానికి, పెద్దవాళ్ల యోగాకు హాలు తెరిచి ఉంచాలని కూడా చేర్చండి. ఈ షరతు ఉంటే, మీరు స్థలాన్ని అడ్డుకోవడానికి కాక మంచి హాలు కోసమే అడుగుతున్నారన్న నమ్మకం అధికారికి కలుగుతుంది.

ఎవరిని కలవాలి

నలభై మంది వెళితే అది ధర్నా అవుతుంది, నలుగురు వెళితే మాట సాగుతుంది. ముందు పని చూసే అసిస్టెంట్ ఇంజనీర్‌ను (ఏఈ) స్థలానికి పిలిచి, నక్షా అక్కడే పరిచి మాట్లాడండి, ఎందుకంటే కిటికీ ఏ వైపు రావాలో మార్చగలిగేది ఆయనే. తరువాత డిప్యూటీ కమిషనర్, ఆ పైన కమిషనర్. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలోను, ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలోను అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శి దగ్గర కూడా మొదలుపెట్టవచ్చు. హైదరాబాద్‌లో పార్కు స్థలం ఆక్రమణకు గురైందన్నది మీ ఫిర్యాదు అయితే చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించడానికి 2024లో ఏర్పడిన హైడ్రా సంస్థను ఆశ్రయించవచ్చు. శాసనసభ్యుడిని కలిసేటప్పుడు హాలు ఆపమని కాకుండా, మరో స్థలం పటం చేతిలో పెట్టి అడగండి. శిలాఫలకం మీద పేరు అక్కడ కూడా ఉంటుంది.

అన్నీ విఫలమై, లేఔట్‌లో స్పష్టంగా పార్కు అని ఉన్నప్పుడు మాత్రమే హైకోర్టులో రిట్ ఆలోచించండి. ఇన్‌వర్డ్ నంబర్లు ఉన్న లేఖలు, సమాచార హక్కు జవాబులు, లేఔట్ నకలు లేకుండా న్యాయవాది దగ్గరికి వెళ్లకండి. పునాదులు లేచిన తరువాత వెళితే ‘ఇన్నాళ్లు ఏం చేశారు’ అన్న ప్రశ్నకు కూడా సిద్ధంగా ఉండాలి.

హాలు తెరిచిన తరువాత

తొలి పెళ్లిళ్ల కాలం అంతా ఒక నోటు పుస్తకం నడపండి: తేదీ, సమయం, ఏమి జరిగింది, ఎవరికి చెప్పారు, వారు ఏమి చేశారు. శబ్దం పరిమితి కన్నా 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి ఎక్కువైతే ఫిర్యాదు చేయవచ్చని నియమాల్లోనే ఉంది. ఫోనులోని శబ్ద కొలత యాప్ కోర్టులో సాక్ష్యంగా నిలవకపోయినా, పోలీసులను పిలవాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి సరిపోతుంది. 100కు గానీ 112కు గానీ ఫోన్ చేసినప్పుడు సమయం రాసుకోండి. అదే ఇబ్బంది మళ్లీ మళ్లీ వస్తుంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేయవచ్చు, పాత నేర ప్రక్రియా స్మృతిలో ఇదే 133వ సెక్షన్. నిర్వహణ ఒప్పందం గడువు ఎప్పుడు ముగుస్తుందో ఆ పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి ఉంచి, దానికి మూడు నెలల ముందే ఆ పుస్తకం నకలును కొత్త షరతులతో జతచేసి కమిషనర్ కార్యాలయంలో ఇన్‌వర్డ్ చేయించండి.